రెండు అర్రల ఇంట్లో జాగా మిగుల్చుకోవడం ఎలా?

చిన్న ఇల్లు విశాలంగా అనిపించాలంటే ఏం చేయాలని ఎవరినడిగినా లేత రంగులు వేయమంటారు, గోడకు అద్దం పెట్టమంటారు. తప్పేం కాదు గానీ నల్లగొండలోనో, పాలమూరులోనో అవి ఆఖరి పనులు. మన దగ్గర ఇల్లు ఇరుకయ్యేది ముఖ్యంగా రెండింటి వల్ల: ఒకటి ఎండ, రెండోది నేల మీద పెట్టుకున్న సామాన్లు.

ఎండకూ జాగాకూ ఏం సంబంధం అంటారా? ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం పూట మీ ఇంట్లో ఎవరెక్కడ ఉన్నారో ఒకసారి చూడండి. హాలు, రెండు అర్రలు, వంటిల్లు ఉన్నా, ఇంటిల్లిపాదీ కూలర్ ఉన్న ఒక్క అర్రలోనే సర్దుకొని ఉంటారు. రెండో అర్ర స్లాబు వేడికి పొయ్యిలా కాగుతుంటుంది. బట్టలు తీసుకోవడానికి తప్ప అందులోకి ఎవరూ పోరు. ఎవరూ పోని అర్రలోకి సామాన్లు చేరతాయి. వానలు పడేనాటికి అది స్టోర్‌రూమ్ అయిపోతుంది. అప్పు తెచ్చి కట్టుకున్న ఇంట్లో సగమే వాడుకుంటున్నామన్న మాట.

అందుకే ముందు పైకప్పు, తర్వాత సామాన్లు, ఆ తర్వాత ఫర్నిచర్, కిటికీలు, అన్నీ అయ్యాక రంగులు. డబ్బు కూడా ఈ వరసలోనే ఖర్చు పెట్టండి. మధ్యలో చేతిలో డబ్బు అయిపోతే ఆగిపోయేది రంగుల పనే కావాలి, పైకప్పు పని కాదు.

ఇది రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది సర్కారు కట్టించి ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంటి కొలత, అంటే 560 చదరపు అడుగులు. సర్కారు సాయంతో కట్టుకునే ఇందిరమ్మ ఇల్లయితే 400 నుంచి 600 మధ్యలో ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది, గోడ చెక్కే పనులు మాత్రం వదిలేయండి.

మొదటి పని: పైకప్పు తెల్లగా చేయండి

శివరాత్రి నాటికల్లా ఈ పని అయిపోవాలి. మార్చి ముదిరితే డాబా మీద కాలు పెట్టలేరు, వేసిన సున్నం కూడా పట్టకముందే ఆరిపోయి పొట్టులా లేస్తుంది.

డాబా ఊడ్చి, నల్లగా పట్టిన పాకురును ఇనుప బ్రష్‌తో గీకి, కడిగి, బాగా ఎండనివ్వండి. పగుళ్లుంటే ముందు వాటిని పూడ్చండి. లేకపోతే సున్నం కింద నీళ్లు దిగి స్లాబు చెమ్మెక్కుతుంది. సున్నాన్ని ముందురోజు రాత్రే నానబెట్టాలి. రాళ్ల సున్నం అయితే నీళ్లలో వేయగానే కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ కరిగిపోవచ్చు. ఇనుప డ్రమ్ములోనే కలపండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే ఆటలు కాదు. తెల్లారి పల్చటి బట్టలో వడకట్టి, స్లాబుకు పట్టుకోవడానికి ఫెవికాల్ లాంటి జిగురు కలిపి, చీపురు బ్రష్‌తో రెండు కోట్లు వేయండి. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. పొద్దున ఎండ ఎక్కకముందు ఒకటి, సాయంత్రం ఒకటి.

సున్నం చవక, కానీ వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింట్ ఖరీదెక్కువ, కొన్నేళ్లు నిలుస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే సున్నంతోనే మొదలుపెట్టండి. ఇంటిని బట్టి లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. ఫ్యాను వేస్తే నిప్పులు కురిసినట్టుండే అర్రలో మనిషి కూర్చోగలగడానికి ఆ తేడా చాలు.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అందులో 600 గజాలు, ఆపైన ఉన్న ప్లాట్లలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. నన్నడిగితే చిన్న ఇంటికే దీని అవసరం ఎక్కువ. పెద్ద బంగ్లావాళ్లు పైఅంతస్తు కాగితే కింది అంతస్తులో ఉంటారు. ఒక్క స్లాబు కింద ఉండేవాళ్లు ఎక్కడికి పోతారు?

రేకుల ఇల్లయితే రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, పాత సిమెంటు రేకు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. నిచ్చెన, పలక వేసుకొని తెల్ల రంగు వేయించండి. ఆ రేకులను కోయడం, రంధ్రాలు చేయడం వద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. రేకుకు ఒక ఫీటు పైన గాలి ఆడేలా గ్రీన్ నెట్ కట్టుకున్నా ఎండ సూటిగా తగలదు.

ఇక పడమటి గోడ. సాయంత్రం ఆరింటిదాకా ఎండ మింగి, రాత్రి పదింటిదాకా కక్కుతూనే ఉంటుంది. బయట రెండు బొంగులు పాతి, తాడు అల్లి, చిక్కుడో బీరో దొండో పాకించండి. కూర కూడా వస్తుంది. పడమటి కిటికీకి లోపల మందం కర్టెన్ కట్టడం కన్నా బయట వట్టివేళ్ల తడక కట్టడం మేలు. లోపల కర్టెన్ కడితే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసిన తర్వాత ఆపినట్టు.

కూలర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంచం పక్కనే కూలర్ పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. అట్లా పెడితే అది అర్రలో ఉన్న గాలినే తిప్పి తిప్పి తడుపుతుంది. గంటసేపటికి దుప్పటి చెమ్మగా తగులుతుంది, చెమట ఆరదు, పైగా కూలర్ కాళ్ల కింద జాగా దండగ. దాన్ని కిటికీ బయట ఇనుప స్టాండు మీదికి ఎక్కించండి. బయటి పొడిగాలిని పీల్చి లోపలికి కొడుతుంది. ఆ తడిగాలి బయటికి పోవడానికి ఎక్కడో ఒకచోట దారి ఉండాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. కూలర్ ఉన్న అర్ర కిటికీలన్నీ మూసి, రెండో అర్ర కిటికీ ఒక్కటి జానెడు తెరిచి, మధ్య తలుపులు తెరిచి పెట్టండి. చల్లగాలి హాలు మీదుగా రెండో అర్రలోకి పోయి అక్కడినుంచి బయటికి వెళ్తుంది. ఒక్క కూలర్‌తో రెండు అర్రలూ హాలూ వాడుకోవచ్చు. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి, స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లు పోయండి. ఎండాకాలం కూలర్ షాకుల వార్తలు మనం చూస్తూనే ఉంటాం.

రెండో పని: నేలను విడిపించండి

ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. ఇల్లంతా ఒకేసారి కదపొద్దు, ఒక్క అర్ర చాలు. అందులోవన్నీ వాకిట్లోకి తెచ్చి మూడు కుప్పలు పెట్టండి. వారం వారం వాడేవి ఒకటి, పండక్కో పెళ్లికో వాడేవి ఒకటి, ఎందుకున్నాయో ఎవరికీ తెలియనివి ఒకటి. మూడో కుప్పలో ఏముంటాయో నేనిప్పుడే చెప్పగలను. టీవీ వచ్చిన అట్టపెట్టె, జార్ లేని మిక్సీ, జిప్పు పోయిన సూట్‌కేసు, గృహప్రవేశాలకు వచ్చి పెట్టె కూడా విప్పని గాజు గ్లాసుల సెట్లు. పాత ఇనుప సామాన్ల బండి వచ్చినప్పుడు పిలవండి. అట్టపెట్టె మాత్రం వారంటీ అయ్యేదాకా ఉంచుతానంటే సజ్జ మీదికి పోవాలి, మంచం కిందికి కాదు.

బియ్యం బస్తాల సంగతి. సొంత పొలం ఉన్నవాళ్లు ఏడాది బియ్యం ఒకేసారి పట్టించి ఇంట్లో పెట్టుకుంటారు. నాలుగు బస్తాలు ఒక మూల పెడితే ఆ మూల పోయినట్టే, పురుగు వేరే. వడ్లుగా ఉంచి రెండు మూడు నెలలకోసారి మర పట్టించుకునే వీలుంటే అదే మంచిది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీలో రేషన్ కార్డున్నవాళ్లకు మనిషికి 6 కిలోలు నెలనెలా వస్తున్నాయి. అవి తింటున్న ఇంట్లో కూడా బస్తాల మీద బస్తాలు ఎందుకుంటున్నాయో ఒకసారి ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి.

నీళ్ల డ్రమ్ములదీ అదే కథ. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో పట్టి పెట్టుకున్న డ్రమ్ములు, డాబా మీద ట్యాంకు వచ్చాక కూడా బాత్‌రూమ్ ముందర అట్లాగే ఉంటాయి. ఒకటి ఉంచుకొని మిగతావి తీసేయండి.

పెద్దవాళ్ల సందూకల జోలికి మాత్రం పోకండి. అత్తమ్మ తన పెళ్లికి తెచ్చుకున్న సందూకను పాత ఇనుప సామాన్లకు వేద్దామంటే ఇల్లు విశాలం కావడం అటుంచి ఇంట్లో మాటలు బందవుతాయి. దాన్ని హాల్లో గోడకు చేర్చి, పైన బొంత మడతపెట్టి వేసి, మంచి దుప్పటి పరిస్తే ఇద్దరు కూర్చునే బల్ల అవుతుంది. లోపల చుట్టాలు వచ్చినప్పుడు వాడే దుప్పట్లు పెట్టుకోవచ్చు.

రెండో కుప్పలోవి సజ్జ మీదికి. పెద్ద గంజులు, గంగాళం, ఇత్తడి బిందెలు, బతుకమ్మకు వాడే తాంబాళం అన్నీ. పెట్టేముందు ఒక కాగితం మీద ఏది ఏ మూలన ఉందో రాసి తలుపు వెనక అంటించండి. ఇది రాయకపోతే దసరా ముందురోజు ఒక్క తాంబాళం కోసం సజ్జంతా దించుతారు. సజ్జకు గోడ రంగులోనే కర్టెన్ కట్టండి, పూల పూల కర్టెన్ కడితే చూపు అక్కడికే పోతుంది.

అర్ర మధ్యలో ఆ గోడ నుంచి ఈ గోడకు కట్టిన దండెం ఉంటే ఈరోజే తీసేయండి. దాని మీద నాలుగు చీరలు వేలాడితే పది ఫీట్ల ఎత్తున్న అర్ర కూడా నెత్తిమీద పడ్డట్టుంటుంది. ఆరేసేది డాబా మీద, వానాకాలం వరండాలో. విడిచి మళ్లీ తొడుక్కునే బట్టలకు తలుపు వెనక కొక్కేలు చాలు.

గోడల్లో గూళ్ల గురించి ఒక మాట. పాత మట్టి మిద్దెల్లో గోడ మందంగా ఉండేది కాబట్టి దీపానికో గూడు, తాళాలకో గూడు, పోపు డబ్బాకో గూడు పెట్టేవాళ్లు. నేల మీద ఒక్క బీరువా లేకుండా సంసారాలు నడిచాయి. ఇప్పుడు బయటి గోడ తొమ్మిది ఇంచులే. అయినా పిల్లర్లతో కట్టిన ఇల్లయితే, కరెంటు పైపు లేని చోట, మేస్త్రిని అడిగి నాలుగున్నర ఇంచుల లోతు గూడు తీయించవచ్చు. వెనక నాలుగున్నర ఇంచుల ఇటుక మిగులుతుంది. ఆ లోతులో కారం, పసుపు డబ్బాలు, మందులు, ఫోన్ ఛార్జర్, దువ్వెన, అద్దం అన్నీ పడతాయి. లోపల కడప బండ ముక్కలు అడ్డంగా వేయిస్తే చెదలు భయం లేదు. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు నిలబడిన ఇల్లయితే చెక్కించకండి. నాలుగున్నర ఇంచుల లోపలి గోడను కూడా ముట్టుకోవద్దు. అక్కడ గోడకు ఇనుప బ్రాకెట్లు కొట్టి పలక వేయించుకుంటే సరిపోతుంది.

మూడో పని: ముగ్గుపిండితో కొలవండి

సోఫా షాపులో చిన్నగానే కనిపిస్తుంది. షాపు హాలు మన ఇంటికి నాలుగింతలు ఉంటుంది కదా. అందుకే ఏది కొన్నా ముందు దాని పొడవు వెడల్పు రాసుకొచ్చి, హాల్లో నేల మీద ముగ్గుపిండితో ఆ గీతలు గీయండి. తలుపు తెరుచుకునే చోటు కూడా వంపుగా గీయండి. ఒక రోజంతా ఆ గీతలు తొక్కకుండా ఇంట్లో తిరగమని అందరికీ చెప్పండి. పిల్లలు సాయంత్రానికల్లా తేల్చేస్తారు.

10×12 హాలు తీసుకోండి, 120 చదరపు అడుగులు. ముగ్గురు కూర్చునే సోఫా దాదాపు 18, ఒంటి సోఫాలు రెండూ కలిపి 16, టీపాయ్ 8, టీవీ స్టాండు 7. మూడు ఫీట్ల తలుపు తెరుచుకోవడానికి ఒక్కోదానికి ఏడు చొప్పున రెండు తలుపులకు 14. మొత్తం 63. సగం కన్నా ఎక్కువ పోయింది, మిగిలింది నడిచే దారే. ఆ హాల్లో ఒక పిల్లవాడు పడుకొని బొమ్మలేసుకోవడానికి కూడా చోటు లేదు.

దాని బదులు కింద డ్రాయర్లున్న దివాన్ కాట్ ఒకటి గోడకు చేర్చండి, పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి, లోపల పరుపులకు. ఒకదాని మీద ఒకటి పెట్టుకునే ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు చాలు. టీపాయ్ వద్దు, చాయ్ గ్లాసు పెట్టడానికి చిన్న స్టూలు చాలు. టీవీని గోడకు బిగిస్తే స్టాండు పోతుంది. ఎల్ ఆకారం సోఫా మాత్రం ఎంత డిస్కౌంట్ ఇచ్చినా తేవద్దని నా గట్టి మాట. చుట్టాలొచ్చినా దాన్ని జరపలేరు, చివరి మూలలో ఎవరూ కూర్చోరు.

మనిషి నడిచే దారి ఎక్కడైనా రెండున్నర ఫీట్లు ఉండాలి. కొనే ప్రతిదానికీ కింద ఆరు ఇంచుల కాళ్లు ఉండేట్టు చూడండి. చీపురు పోతుంది, నేల గోడ దాకా కనిపిస్తుంది. నేల ఎంతదూరం కనిపిస్తే ఇల్లు అంత పెద్దదనిపిస్తుంది.

బీరువాను నైరుతి మూలలో ఉత్తరం చూసేలా పెట్టాలంటారు. సరే, అట్లాగే పెట్టండి. కానీ అది కిటికీని సగం కప్పుతుంటే ఒక ఫీటు జరపండి, వాస్తు చెప్పేవాళ్లు కూడా కిటికీ మూయమనరు. ఈశాన్యం బరువు లేకుండా ఉండాలన్న మాటను మాత్రం అన్ని అర్రల్లోనూ పాటించండి. ఉత్తరం వైపు వెలుతురు ఎండ లేకుండా వస్తుంది, ఆ మూల ఖాళీగా ఉంటే అర్ర మొత్తానికీ అందుతుంది.

బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంటే బయటికి మార్పించండి. పెద్దవాళ్లు లోపల జారిపడితే తలుపు తీయగలగాలి కూడా. వంటింటికి తలుపు అవసరమా అని ఆలోచించండి, చాలా ఇళ్లలో అది ఎప్పుడూ మూయరు. తీసేస్తే ఏడు చదరపు అడుగులు మిగులుతాయి.

హాల్లో అవ్వ మంచం ఉంటే దాన్ని బాత్‌రూమ్‌కు దగ్గరి గోడకు వేసి, పైన ఒక కర్టెన్ రాడ్డు కొట్టించండి. పగలు పక్కకు లాగితే హాలు, రాత్రి వేస్తే ఆమెకొక అర్ర. జాగా కోసమని పెద్దవాళ్లను కింద పడుకోబెట్టొద్దు, మోకాళ్లు ఊరుకోవు. పదో తరగతి పిల్ల ఉంటే కిటికీ కింద గోడకు కీళ్లతో మడిచే పలక బిగించండి, రెండు ఫీట్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు చాలు. చదువు అయ్యాక మడిచేస్తే గోడకు అతుక్కుంటుంది.

నాలుగో పని: కిటికీలు

వేడి పొడి ప్రాంతాల్లో అర్ర నేల వైశాల్యంలో కనీసం పదోవంతు కిటికీ ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెప్తుంది. 10×10 అర్రకు 3×4 కిటికీ ఒకటి లెక్కకు సరిపోతుంది. కానీ అది మూసి ఉంటే లెక్క దేనికి? మన కిటికీలు దోమలకు, దుమ్ముకు భయపడి మూతబడి ఉంటాయి. కొలత ఇచ్చి వెల్క్రో దోమతెర కుట్టించుకోండి, చవకే. ఎండాకాలం తెల్లవారుజామున అన్నీ తెరిచి, ఎనిమిదింటికల్లా మూసి, చీకటి పడ్డాక మళ్లీ తెరవండి. కిటికీ గట్టు మీద పాత సీసాలు, పుస్తకాలు పెట్టకండి.

లైట్ల విషయం తొందరగా చెప్పేస్తాను. హాలు నడుమ ఒక్క పెద్ద లైటు కన్నా ఎదురెదురు మూలల్లో రెండు చిన్నవి మంచివి, మూలల్లో నీడ ఉండదు. అద్దం పెట్టాలనుకుంటే ఉత్తరం లేదా తూర్పు కిటికీకి ఎదురుగా. పడమటి కిటికీకి ఎదురుగా పెడితే సాయంత్రం ఎండ కంట్లో కొడుతుంది.

ఇల్లు ఇంకా కట్టుకుంటున్నవాళ్లకు

బేస్‌మెంట్ దశలోనే ఉంటే అదృష్టవంతులు, పైన చెప్పిన సగం పనులు ఖర్చు లేకుండా అయిపోతాయి. కిటికీలు ఎదురెదురుగా వచ్చేట్టు, తలుపులు అర్ర మూలకు వచ్చేట్టు అడగండి. తలుపు గోడ మధ్యలో ఉంటే ఆ గోడకు మంచమూ పట్టదు, బీరువా పట్టదు. రెండు అర్రల్లోనూ ఏడు ఫీట్ల ఎత్తులో రెండు ఫీట్ల సజ్జలు పోయించండి. మెట్లు బయటి నుంచి వేయించి కింద బైకుకో, బట్టలుతికే బండకో జాగా ఉంచండి. డాబా పిట్టగోడ మూడున్నర ఫీట్లు ఉండాలి. ఎండాకాలం రాత్రుళ్లు పడుకోవడానికి డాబాయే మన అన్నింటికన్నా పెద్ద బెడ్‌రూం. ఇక పీవోపీ సీలింగ్. పది ఫీట్ల ఎత్తులో ఒక ఫీటు దానికిచ్చి, ఫ్యాన్‌ను ఇంకా కిందికి దించుకోవడం నాకైతే నచ్చదు. ఆ డబ్బుతో కూల్ రూఫ్ పెయింట్ వస్తుంది.

ఆఖరికి రంగులు

గూళ్లు, బ్రాకెట్లు, కర్టెన్ రాడ్డు, దోమతెరలు అన్నీ అయ్యాకే రంగులాయనను పిలవండి. లేకపోతే కొత్త గోడకు మళ్లీ డ్రిల్లింగ్ పడుతుంది. పైన స్లాబుకు తెలుపు. హాలుకు, వంటింటికి ఒకే లేత రంగు వేస్తే రెండూ కలిసి ఒకటే పెద్ద గదిలా కనిపిస్తాయి. హాల్లో ఒక్క గోడకు ముదురు రంగు వేయడం ఇప్పుడు ఫ్యాషన్, పెద్ద ఇళ్లలో బాగుంటుంది. చిన్న హాల్లో ఆ గోడ ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది. కింద మూడు ఫీట్ల దాకా తుడిస్తే మరకలు పోయే రంగు వేయించండి, చిన్నపిల్లలున్న ఇంట్లో గోడ అక్కడిదాకానే ముందు పాడవుతుంది. గడపకు మాత్రం పసుపే.

షాపులో కార్డు మీద చూసిన రంగు గోడ మీద అట్లాగే ఉండదు. ముందు చిన్న డబ్బా తెచ్చి పడమటి గోడ మీద రెండు ఫీట్ల మేర వేసి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, రాత్రి లైటు వెలుతురులో ఒకసారి చూశాకే పెద్ద బకెట్‌కు డబ్బు కట్టండి.